జ్వరం వెనక ఏ బ్యాక్టీరియా ఉంది? మంచం పక్క నుంచి మైక్రోస్కోప్ దాకా గుర్తుపట్టే పద్ధతి

దేవరకొండ వైపు నుంచి ఒక గొర్ల కాపరి మా ల్యాబ్‌కి వచ్చాడు. వయసు యాభై దాటింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో మూడు ల్యాబుల రిపోర్టులు. మూడింట్లోనూ ఒకటే మాట: వైడాల్ (టైఫాయిడ్ కోసం చేసే రక్త పరీక్ష) పాజిటివ్. ఐదు వారాల్లో టైఫాయిడ్ ఇంజెక్షన్లు రెండు కోర్సులు అయిపోయాయి, జ్వరం మాత్రం పోలేదు. నడుం నొప్పి సంగతి వేరే. "మీ దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటది గదా, దానికే" అని ఎవరో తేల్చేశారట.

"జ్వరం ఎట్ల వస్తది పెద్దయ్యా?" అని అడిగాను.

"పొద్దుగాల మంచిగనే ఉంటది సారూ. పొద్దుమీకినంక వణుకు మొదలైతది. రాత్రి అంగి పిండితే నీళ్లు కారుతయి, అంత చెమట."

"మందల ఏమన్న తేడా ఉన్నదా ఈ మధ్య?"

"నాలుగైదు గొర్లు ఈసుకపోయినయి. నేనే గుంజి తీసిన, ఒట్టి చేతులతోని."

ఈసుకపోవడమంటే నెలలు నిండకముందే పిల్ల పడిపోవడం. మూడు రిపోర్టులు చెప్పని సంగతి ఈ ఒక్క మాట చెప్పింది. అతని కథ మళ్లీ వస్తుంది. ఈ మార్గదర్శి రాస్తున్నది డీఎంఎల్‌టీ, ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు) చదివే పిల్లల కోసం, చిన్న ఊళ్లలో ల్యాబ్ నడిపేవాళ్ల కోసం, కల్చర్ (శాంపిల్‌లోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) రాసే కొత్త డాక్టర్ల కోసం. ఇంట్లో కూర్చుని సొంత వైద్యం చేసుకోవడానికి ఇది పనికిరాదు.

మొదటి మెట్టు: సీసా కంటే ముందు మనిషి

రిక్వెస్ట్ ఫారం మీద "జ్వరం, కల్చర్" అని రెండే మాటలుంటే ఆ శాంపిల్‌ని కళ్లకు గంతలు కట్టుకుని చేసినట్టే. ఎన్ని రోజులైంది, ఏ చోట బాధ, ఏం పని చేస్తారు, ఇప్పటికే ఏ మందు పడింది అనే నాలుగూ రాయించండి. ఫారంలో లేకపోతే రోగినే అడగండి, రెండు నిమిషాల పని. మన జిల్లాల్లో మూడో ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు సగం దారి చూపిస్తుంది.

మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసే ఆవిడ వచ్చిందనుకోండి. హఠాత్తుగా పెద్ద జ్వరం, కళ్లు ఎర్రబడ్డాయి కానీ పుసి లేదు, పిక్క నొక్కితే ప్రాణం పోయినట్టు అరుస్తోంది, కళ్లలో పచ్చదనం మొదలైంది. అప్పుడు లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా గుర్తుకు రావాలి. ఎలుకల మూత్రం కలిసిన బురద నీళ్లలో నుంచి కాళ్ల పగుళ్ల ద్వారా లోపలికి పోతుంది. అదే బురదలో దిగే రైతుకు షుగర్ కూడా ఉండి, నెల రోజులుగా జ్వరం, కాలేయంలోనో ప్లీహంలోనో చీముగడ్డలు అని స్కానింగ్‌లో వస్తే ఆలోచన మారాలి. అది మట్టిలో, నీళ్లలో ఉండే బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ కావచ్చు. దాని సంగతి కిందికి వెళ్లాక వివరంగా చెప్తాను, ఎందుకంటే ల్యాబుల్లో ఎక్కువగా మోసపోయేది అక్కడే.

నల్లమల అంచున అచ్చంపేట, అమ్రాబాద్ వైపు కట్టెల కోసం, పశువుల వెంట పొదల్లో తిరిగేవాళ్లకు జ్వరం, తలనొప్పి ఉంటే బట్టలు పక్కకు జరిపి చూడాలి. చంక, గజ్జ, రొమ్ము కింద, మొలతాడు తగిలే చోట బీడీతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్, పొదల్లోని సన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం. నొప్పి ఉండదు కాబట్టి ఆ పొక్కు ఉందని రోగికే తెలియదు. నల్లటి పుండు ఇంకో రకంగానూ వస్తుంది. చచ్చిన గొర్రెను కోసినవాళ్ల చేతి మీదో ముఖం మీదో నొప్పి లేని నల్లటి మచ్చ, చుట్టూ బాగా వాపు ఉంటే ఆంత్రాక్స్, మన దొమ్మ రోగం.

పాలమూరు లేబర్‌గా ముంబై, పుణే పోయి వచ్చినవాళ్లకు రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష ఎలాగూ చేస్తారు. దాంతోపాటు "ఇంతకుముందు టీబీ మందులు మింగిండ్రా, మధ్యలో ఆపిండ్రా" అని తప్పకుండా అడగాలి. మందుకు లొంగని టీబీ ఉందేమోనన్న అనుమానం ఆ జవాబుతోనే మొదలవుతుంది.

టైఫాయిడ్ జ్వరం రోజురోజుకీ మెట్లెక్కినట్టు పెరుగుతుంది. నాలుక మధ్యలో తెల్లగా మందంగా, అంచులు ఎర్రగా ఉంటాయి. జ్వరం 103 ఉన్నా నాడి దానికి తగ్గట్టు పరుగెత్తదు. తెల్ల కణాలు మామూలుగానో తక్కువగానో ఉంటాయి. తెల్ల కణాలు 18,000 ఉండగా టైఫాయిడ్ అని రాసిన రిపోర్టు వస్తే నేను ముందు చీము ఎక్కడుందా అని వెతుకుతాను. పేగుకు రంధ్రం పడటం లాంటి చిక్కులొస్తే టైఫాయిడ్‌లోనూ కణాలు పెరుగుతాయి, అది వేరే లెక్క.

ల్యాబ్ కోసం ఆగకూడని జబ్బులు కూడా ఉన్నాయి. దవడలు బిగుసుకుపోయిన ధనుర్వాతం చూపుతోనే తేలాలి. పిల్లల గొంతులో గీకితే రక్తం వచ్చే బూడిద రంగు పొర, మెడ ఉబ్బి ఎద్దు మెడలా ఉండటం డిఫ్తీరియా. స్వాబ్ తీసుకోండి, కానీ రిపోర్టు వచ్చేదాకా పిల్లను కూర్చోబెట్టకండి. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ లాంటి చోటికి పంపాల్సిన కేసు అది.

రెండో మెట్టు: శాంపిల్

కల్చర్‌లో తప్పు జరిగితే అందరూ మీడియాని (బ్యాక్టీరియా పెరగడానికి పెట్టే మేతని) తిడతారు, టెక్నీషియన్‌ని తిడతారు. నా లెక్కలో ఎక్కువ తప్పులు శాంపిల్ డబ్బా మూత పెట్టకముందే జరిగిపోతాయి.

రక్తం సంగతి చూడండి. టైఫాయిడ్ రోగి ఒక మిల్లీలీటరు రక్తంలో ఒక్క బ్యాక్టీరియా కూడా దొరకకపోవచ్చు. అలాంటప్పుడు 2 మి.లీ. తీసి బాటిల్‌లో పోస్తే ఏం పెరుగుతుంది? పెద్దవాళ్లకు బాటిల్‌కి 8 నుంచి 10 మి.లీ. కావాలి. రెండు చేతుల నుంచి వేర్వేరుగా రెండు సెట్లు తీయాలి. అంత రక్తం తీస్తుంటే "ఇంత నెత్తురా!" అని రోగి తరఫువాళ్లు గొడవపడతారు, ఓపికగా చెప్పాలి. రెండు సెట్లు ఎందుకంటే, ఒక్క బాటిల్‌లోనే కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టాఫ్ (చర్మం మీద మామూలుగా ఉండే స్టాఫైలోకాకస్ రకం) వస్తే అది చర్మం మీదిదే అయ్యుండే అవకాశం ఎక్కువ, రెండింట్లోనూ అదే వస్తే పట్టించుకోవాలి. చర్మాన్ని స్పిరిట్‌తోనో క్లోర్‌హెక్సిడిన్‌తోనో తుడిచాక ఆరనివ్వండి. తడి మీదే సూది గుచ్చితే తుడిచీ లాభం లేదు. అన్నిటికంటే ముఖ్యం, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీయాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు రోజులు సూదులు వేసుకుని వచ్చినవాళ్లే మనకు ఎక్కువ కాబట్టి ఆ సంగతైనా ఫారంలో రాయాలి.

మూత్రం మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి. రెండు గంటల్లో ప్లేటు (మీడియా పోసిన గాజు మూకుడు) మీదికి ఎక్కాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున ఎనిమిదికి పట్టిన డబ్బా బస్సులో మధ్యాహ్నం రెండింటికి వస్తే, మే నెల ఎండలో దాంట్లో ఈకోలై తన సంతానాన్ని లక్షల్లో పెంచేసి ఉంటుంది. అందులో లక్ష కాలనీలు వచ్చినా నమ్మకండి.

వెన్ను నీరు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, కల్చర్‌కి పంపేదాన్ని ఫ్రిజ్‌లో పెట్టనే కూడదు. మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్, హీమోఫిలస్ చలికి చచ్చిపోతాయి.

తెమడ అడిగితే చాలామంది ఉమ్మి ఇస్తారు. "గల్ల తీసి, లోపలి నుంచి దగ్గి ఉమ్మండి" అని ఒకసారి దగ్గి చూపించాలి. వచ్చినదాన్ని స్లైడ్ చేసి తక్కువ పవర్‌లో చూస్తే నిజం బయటపడుతుంది. ఒక్కో ఫీల్డ్‌కి చీము కణాలు 25 కంటే ఎక్కువ, నోటి పొర కణాలు 10 కంటే తక్కువ ఉంటే మంచి శాంపిల్. తిరగబడితే మామూలు కల్చర్‌కి దాన్ని వాపస్ పంపండి. మొహమాటపడి చేస్తే నోట్లో ఉండే క్రిములకు మందు రాయించినవాళ్లమవుతాం. టీబీ పరీక్షకు మాత్రం ఈ కారణంతో శాంపిల్‌ని తోసేయకూడదు.

చీముకి స్వాబ్ కంటే సిరంజితో లాగిన చీమే మేలు. స్వాబ్ తప్పనప్పుడు రెండు తీసుకోండి, ఒకటి స్టెయిన్‌కి, ఒకటి కల్చర్‌కి. విరేచనాల శాంపిల్ దూరం నుంచి రావాలంటే క్యారీ-బ్లెయిర్ మీడియంలో పంపించమనండి.

మూడో మెట్టు: గ్రామ్ స్టెయిన్

1884లో డెన్మార్క్ డాక్టర్ హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంగుల పద్ధతి ఇది. ఇప్పటికీ పది నిమిషాల్లో ఇంత సమాచారం ఇంత చవగ్గా ఇచ్చే పరీక్ష ఇంకొకటి లేదు. అయినా చిన్న ల్యాబుల్లో దీన్ని ఎక్కువగా ఎగ్గొడతారు. నాకు అర్థం కాని విషయాల్లో ఇది ఒకటి.

శాంపిల్‌ని స్లైడ్ మీద పలచగా పూసి స్మియర్ చేయండి. ఆరాక మంట మీదుగా రెండు మూడు సార్లు తీయండి. చేతి వెనక పెట్టి చూస్తే వెచ్చగా తగలాలి, కాలకూడదు. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడగండి. అయోడిన్ ఒక నిమిషం, కడగండి. ఇప్పుడు అసలు ఘట్టం, రంగు వదిలించడం. స్లైడ్‌ని వంచి పట్టుకుని ఆల్కహాల్‌ని చుక్కలు చుక్కలుగా పోస్తే ఊదా రంగు దారలుగా దిగుతుంది. దిగే నీళ్లు తేటపడగానే ఆపి వెంటనే నీళ్లతో కడగాలి. అసిటోన్ అయితే రెండు మూడు సెకన్లే. ఇక్కడ ఫోన్ మోగిందని తల తిప్పితే ఊదా రంగు నిలుపుకోవాల్సిన గ్రామ్ పాజిటివ్‌లన్నీ గులాబీ రంగులోకి మారిపోతాయి. చివర సఫ్రనిన్ ఒక నిమిషం. అదే స్లైడ్ చివర్లో ఒక పక్క తెలిసిన స్టాఫ్, ఇంకో పక్క తెలిసిన ఈకోలై పెట్టుకోండి. స్టాఫ్ ఊదాగా, ఈకోలై గులాబీగా రాకపోతే మధ్యలో ఉన్న రోగి స్మియర్ గురించి ఏమీ మాట్లాడకండి, మళ్లీ చేయండి.

ఊదా రంగు గుండ్రాలు ద్రాక్ష గుత్తిలా ఉంటే స్టాఫ్, దండ గుచ్చినట్టుంటే స్ట్రెప్ (స్ట్రెప్టోకాకస్). కొనదేలిన జంటలు, చుట్టూ రంగు పట్టని ఖాళీ ఉంటే న్యుమోకాకస్. చీము కణాల లోపల రెండేసి చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు గులాబీ జంటలు కనిపిస్తే, వెన్ను నీటిలో మెనింగోకాకస్, మగవాళ్ల మూత్రనాళం చీములో గోనోకాకస్. గులాబీ కర్రలు, అంటే గ్రామ్ నెగెటివ్ బాసిల్లై కనిపిస్తే మాత్రం తొందరపడొద్దు. ఈకోలై, క్లెబ్సియెల్లా, సాల్మొనెల్లా, సూడోమోనాస్ అన్నీ స్టెయిన్‌లో అన్నదమ్ముల్లాగే ఉంటాయి. "గ్రామ్ నెగెటివ్ బాసిల్లై, చీము కణాలు చాలా" అని రాసి డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆ పూటకు అది చాలు.

స్టెయిన్‌లో ఏం చూశారో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. స్లైడ్‌లో బ్యాక్టీరియా బోలెడు ఉండి మర్నాడు ప్లేటు ఖాళీగా ఉంటే, మూడే కారణాలు ముందు ఆలోచించాలి: యాంటీబయాటిక్ పడి ఉండటం, ఆక్సిజన్ గిట్టని అనేరోబ్ అయి ఉండటం, మనం పెట్టిన మీడియా దానికి సరిపోకపోవడం. కంపు కొట్టే చీము అయితే అనేరోబ్ వైపే మొగ్గు చూపండి.

టీబీకి ఈ రంగు పట్టదు, దానికి జీల్-నీల్సన్ స్టెయిన్. కార్బాల్ ఫుక్సిన్ పోసి కింద నుంచి వేడి చేయాలి. ఆవిరి రావాలి, మరగకూడదు. ఐదు నిమిషాలు ఆగి, 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో రంగు తీసి, మిథిలీన్ బ్లూ పోస్తే నీలం నేపథ్యంలో ఎర్రటి సన్న కర్రలు కనిపిస్తాయి. కాకపోతే మిల్లీలీటరు తెమడలో 5,000 నుంచి 10,000 దాకా ఉంటే తప్ప స్లైడ్‌లో దొరకవు. అందుకే ఇప్పుడు ట్రూనాట్, సీబీనాట్ అనే జన్యు పరీక్షలు చేయిస్తున్నారు. తక్కువ ఉన్నా పట్టుకుంటాయి, రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి లొంగుతుందో లేదో కూడా చెప్తాయి.

నాలుగో మెట్టు: ప్లేటు, ఇంక్యుబేటర్

మామూలుగా బ్లడ్ అగర్, మెకాంకీ అగర్ అనే రెండు మీడియాలూ పెడతాం. వెన్ను నీటికి, తెమడకి చాక్లెట్ అగర్ (వేడి చేసిన రక్తంతో చేసిన మీడియా) కూడా కావాలి. దాన్ని కొవ్వొత్తి వెలిగించిన జార్‌లో మూత బిగించి పెట్టాలి. కొవ్వొత్తి ఆరిపోయేసరికి ఆ క్రిములకు కావాల్సినంత కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది.

బ్లడ్ అగర్‌లో 5 శాతం గొర్రె రక్తం ఉండాలి. గడువు దాటిన బ్లడ్ బ్యాంక్ రక్తం పోసి చేసేవాళ్లున్నారు. మనుషుల రక్తంలో యాంటీబాడీలు, కొన్నిసార్లు మందులు కూడా ఉంటాయి, దాంతో హీమోలైసిస్ (క్రిమి రక్త కణాలను పగలగొట్టడం) సరిగ్గా రాదు. పాలమూరు జిల్లాలో కూర్చుని గొర్రె రక్తం దొరకడం లేదంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇంకో స్థానిక తలనొప్పి ఇంక్యుబేటర్. మామూలు ఇంక్యుబేటర్‌కి వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం రాదు. నల్లగొండలో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో 42 డిగ్రీలుంటే, డయల్ 37 మీద ఉన్నా లోపల 42కి తక్కువ ఉండదు. ఒకసారి వారం రోజులు న్యుమోకాకస్ ఒక్కటీ పెరగకపోతే మీడియా కంపెనీని అనుమానించాం. చివరికి లోపల వేరే థర్మామీటర్ పెట్టి చూస్తే గాని అసలు సంగతి తెలియలేదు. అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు రాసిపెట్టే అలవాటు చేసుకున్నాం.

మూత్రానికి 1 మైక్రోలీటరు లూప్ (కొసన ఉంగరం ఉన్న తీగ) వాడితే ఒక్కో కాలనీని 1,000తో గుణించాలి, అంటే 100 కాలనీలు మిల్లీలీటరుకు లక్ష. మూడు నాలుగు రకాలు కలిసి పెరిగితే అది శాంపిల్ పట్టడంలో తప్పు, మళ్లీ అడగండి.

మర్నాడు పొద్దున ప్లేటు తీయగానే పరీక్షల మీద పడకండి. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. బ్లడ్ అగర్ మీద కాలనీ చుట్టూ తేటగా ఉంటే బీటా హీమోలైసిస్, ఆకుపచ్చగా ఉంటే ఆల్ఫా. మెకాంకీ మీద గులాబీ రంగు వస్తే లాక్టోజ్‌ని (పాల చక్కెరని) వాడుకున్నట్టు, అంటే ఈకోలై, క్లెబ్సియెల్లా వర్గం. క్లెబ్సియెల్లా లూప్‌తో లాగితే బంకలా సాగుతుంది. రంగు లేని కాలనీలైతే సాల్మొనెల్లా, షిగెల్లా, ప్రోటియస్, సూడోమోనాస్ వర్గం. ప్రోటియస్ బ్లడ్ అగర్ మీద అలలు అలలుగా ప్లేటంతా పాకుతుంది. సూడోమోనాస్ ఆకుపచ్చ రంగుతో దొరికిపోతుంది. దానికి ఒక తియ్యటి పండు వాసన ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు, ప్లేటు మూత తీస్తే వాసన తనంతట తానే వస్తుంది. ముక్కు దగ్గర పెట్టి పీల్చే అలవాటు మాత్రం వద్దు, కారణం తర్వాత తెలుస్తుంది.

ఐదో మెట్టు: పేరు దాకా వెళ్లడం

ఊదా రంగు గుండ్రాలకు మొదట క్యాటలేజ్. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కాలనీ కలిపితే బుడగలు పొంగితే స్టాఫ్, పొంగకపోతే స్ట్రెప్. కాలనీని చెక్క పుల్లతో తీయండి. నిక్రోమ్ లూప్‌లోని ఇనుము, కాలనీతోపాటు అంటుకొచ్చిన బ్లడ్ అగర్ రక్తం, రెండూ అబద్ధపు బుడగలు ఇస్తాయి.

స్టాఫ్ అని తేలాక కోయాగ్యులేజ్. ప్లాస్మాలో కలిపి 37 డిగ్రీల్లో పెడితే నాలుగు గంటల్లో గడ్డ కడితే స్టాఫైలోకాకస్ ఆరియస్. స్లైడ్ పద్ధతిలో నెగెటివ్ వస్తే దాన్ని నమ్మి వదిలేయకుండా ట్యూబ్ పెట్టండి. బీటా స్ట్రెప్‌కి బాసిట్రాసిన్ డిస్క్ (మందు అద్దిన కాగితపు బిళ్ల) చుట్టూ ఖాళీ వస్తే గ్రూప్ ఏ, అంటే పయోజీన్స్. ఆల్ఫా అయితే ఆప్టోచిన్ డిస్క్ చుట్టూ 14 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఖాళీ వస్తే న్యుమోకాకస్. మూత్రంలో వచ్చే ఎంటెరోకాకస్ పిత్తం ఉన్న ఎస్క్యులిన్‌ని నల్లగా చేస్తుంది, 6.5 శాతం ఉప్పులోనూ పెరుగుతుంది.

గులాబీ కర్రలకు మొదటి ప్రశ్న ఆక్సిడేజ్. కాలనీ రుద్దగానే కాగితం పది సెకన్లలో ఊదా రంగుకు తిరిగితే సూడోమోనాస్, విబ్రియో (కలరా క్రిమి వర్గం) వైపు చూడాలి. నిమిషం తర్వాత తిరిగితే లెక్కలోకి తీసుకోకండి. ఈకోలై, క్లెబ్సియెల్లా, సాల్మొనెల్లా కుటుంబమంతా ఆక్సిడేజ్ నెగెటివ్.

తర్వాత ట్రిపుల్ షుగర్ ఐరన్ ట్యూబ్, ఇండోల్, సిట్రేట్, యూరియేజ్. ఇక్కడ పిల్లలు పట్టికలు బట్టీ పడతారు, పరీక్ష హాల్ దాటగానే మర్చిపోతారు. నేను ఒక్కో క్రిమికి ఒక్క గుర్తు చెప్తాను. ఈకోలైకి ఇండోల్ ఎర్రటి ఉంగరం వస్తుంది, సిట్రేట్ ఆకుపచ్చగానే ఉండిపోతుంది. క్లెబ్సియెల్లా న్యుమోనియే సరిగ్గా దానికి తిరగేసి, ఇండోల్ రాదు, సిట్రేట్ నీలంగా మారుతుంది, పైగా కదలదు. ప్రోటియస్‌లో యూరియేజ్ ట్యూబ్ కొన్ని గంటల్లోనే గాఢమైన గులాబీకి తిరుగుతుంది. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫిలో ట్రిపుల్ షుగర్ ఐరన్ ట్యూబ్ అడుగు పసుపు, పైన ఎరుపు, గ్యాస్ ఉండదు, వాటి మధ్య సన్నటి నల్ల గీత. కాటుక పుల్లతో గీసినట్టుండే ఆ గీత కనిపిస్తే అనుభవమున్నవాళ్లు వెంటనే యాంటీసీరం (ఆ క్రిమిని గుర్తుపట్టే యాంటీబాడీల ద్రవం) సీసా వైపు చెయ్యి చాస్తారు. పారాటైఫి ఏ అయితే గ్యాస్ వస్తుంది, నలుపు మామూలుగా రాదు. షిగెల్లాకి గ్యాసూ లేదు, నలుపూ లేదు, కదలికా లేదు. టైఫి అని రాసే ముందు ఓ9, హెచ్-డి యాంటీసీరాలతో స్లైడ్ మీద గుంపుకట్టడం చూసి తీరాలి.

జాతర తర్వాతో, తాగునీటి పైపు పగిలిన వారంలోనో బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు అవుతుంటే కలరాకి విడిగా చూడాలి. పీహెచ్ 8.6 ఉన్న ఆల్కలైన్ పెప్టోన్ వాటర్‌లో ఆరు గంటలు పెట్టి, టీసీబీఎస్ అనే కలరా మీడియా ప్లేటు మీద గీస్తే పసుపు కాలనీలు వస్తాయి, ఆక్సిడేజ్ పాజిటివ్. అనుమానం వచ్చిన పూటే జిల్లా వ్యాధుల నిఘా విభాగానికి చెప్పాలి, పూర్తి పేరు తేలేదాకా ఆగక్కర్లేదు.

మెలియాయిడోసిస్ సంగతి. షుగర్ ఉన్న రైతు, లోపలి గడ్డలోని చీము, ఆక్సిడేజ్ పాజిటివ్ గ్రామ్ నెగెటివ్ కర్రలు. చాలా చోట్ల "సూడోమోనాస్" అని రాసి పంపేస్తారు, కొన్ని ఆటోమేటిక్ మెషీన్లు కూడా తప్పు పేరు చెప్తాయి. అలాంటి కేసులో మూడు పనులు చేయండి. స్టెయిన్‌లో రెండు కొసలు మాత్రమే రంగు పట్టి పిన్నీసులా ఉందేమో చూడండి. ప్లేటుని ఒక్క రోజుకే పారేయకుండా మూడు రోజులు ఉంచండి, కాలనీలు ఎండి ముడతలు పడతాయి. డిస్కుల్లో జెంటామైసిన్, కొలిస్టిన్ రెండింటికీ లొంగకుండా కో-అమాక్సిక్లావ్‌కి లొంగుతోందా చూడండి. మూడూ కలిస్తే మెలియాయిడోసిస్ తెచ్చే బర్ఖోల్డెరియా సూడోమల్లై అని అనుమానించి, ప్లేటు మూసేసి, మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగానికి ఫోన్ చేయండి.

ఆరో మెట్టు: ప్లేటు తెరవకూడని క్రిములు, ప్లేటు మీదికి రాని క్రిములు

గొర్ల కాపరి దగ్గరికి వద్దాం. బ్లడ్ కల్చర్ బాటిల్ మీద "బ్రూసెల్లా అనుమానం, ఎక్కువ రోజులు ఉంచాలి" అని ఎర్ర పెన్నుతో రాశాం. గొర్లు, మేకలు, పశువుల నుంచి మనుషులకు అంటే బ్యాక్టీరియా అది. నాలుగో రోజు మెషీన్ సిగ్నల్ ఇచ్చింది. స్టెయిన్‌లో ఇసుక చల్లినట్టు, ఉందా లేదా అనిపించేంత చిన్న గులాబీ చుక్కలు. మెకాంకీ మీద ఏమీ రాలేదు. బ్లడ్ అగర్ మీద రెండో రోజుకు సూది మొనలంత కాలనీలు. ఆక్సిడేజ్, క్యాటలేజ్ పాజిటివ్, యూరియేజ్ గంటలోపే గులాబీ. అన్ని పనులూ సేఫ్టీ క్యాబినెట్ లోపలే చేసి, ప్లేటు చుట్టూ టేప్ వేసి రిఫరెన్స్ ల్యాబ్‌కి పంపాం. అగ్లూటినేషన్ టైటర్ (రక్తంలో బ్రూసెల్లా యాంటీబాడీల లెక్క) కూడా 1:160 దాటింది. నడుం నొప్పి ఫ్లోరైడ్ వల్ల కాదు, వెన్నెముకలోకి బ్రూసెల్లా చేరడం వల్ల.

బ్రూసెల్లా ల్యాబ్ సిబ్బందికి గాలి ద్వారా అంటుకోవడంలో పేరు మోసింది. ప్లేటు వాసన చూడొద్దన్నది ఇందుకే. సంగతి తెలియకుండా గుర్తింపు కిట్లలో పెడితే మొరాక్సెల్లా లాంటి పేరు వచ్చే ప్రమాదమూ ఉంది. ఆంత్రాక్స్ అనుమానమున్న శాంపిల్‌నైతే చిన్న ల్యాబ్‌లో పెంచే ప్రయత్నమే చేయకూడదు. చచ్చిన జీవాన్ని కోయనివ్వకండి, గాలి తగిలితే స్పోర్లు తయారై ఏళ్ల తరబడి మట్టిలో ఉంటాయి. పశువుల డాక్టర్‌కి, ఆరోగ్య శాఖకి ఒకేసారి కబురు పెట్టండి.

స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరా మన మామూలు ప్లేట్ల మీద పెరగవు. వాటికి ఐజీఎం ఎలైజా (రక్తంలో యాంటీబాడీలు వెతికే పరీక్ష) మీద ఆధారపడతాం. మొదటి నాలుగైదు రోజుల్లో నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేదని కాదు. వారం తర్వాత మళ్లీ తీయాలి, అప్పటిదాకా లక్షణాలను బట్టి డాక్టర్ మందు మొదలుపెడతారు.

వైడాల్‌ది కూడా యాంటీబాడీ కథే. 1896 నుంచి ఉన్న పరీక్ష. మొదటి వారం చివరికి గానీ యాంటీబాడీలు పెరగవు. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్, టీకా, వేరే జ్వరాలు కూడా టైటర్‌ని పైకి లేపుతాయి. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు తీసి నాలుగింతలు పెరిగితే దానికి అర్థం ఉంది. జ్వరం మూడో రోజున ఒక్కసారి స్లైడ్ మీద చేసి 1:80 చూసి "టైఫాయిడ్ పాజిటివ్" అని రాయడం వల్ల ఎంతమంది అనవసరంగా సూదులు పొడిపించుకున్నారో!

ఏడో మెట్టు: సెన్సిటివిటీ, రిపోర్టు

క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష సెన్సిటివిటీ. దానికి ముల్లర్-హింటన్ అగర్ 4 మి.మీ. మందం, కల్చర్ చిక్కదనం 0.5 మెక్‌ఫర్లాండ్, 35 డిగ్రీల్లో 16 నుంచి 18 గంటలు. అగర్ పలచగా పోసి మీడియా మిగిల్చితే ఖాళీలు పెద్దవిగా వచ్చి, లొంగని క్రిమి లొంగినట్టు కనిపిస్తుంది. స్టాఫ్ ఆరియస్‌కి సెఫాక్సిటిన్ 30 మైక్రోగ్రాముల డిస్క్ పెట్టండి. 21 మి.మీ. లేదా అంతకంటే తక్కువ వస్తే ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ వర్గం మందులకు లొంగని స్టాఫ్ ఆరియస్).

సెన్సిటివిటీని పేరు తప్పు పట్టుకోవడానికి కూడా వాడొచ్చు. క్లెబ్సియెల్లా పుట్టుకతోనే ఆంపిసిలిన్‌కి లొంగదు, ప్రోటియస్ కొలిస్టిన్‌కి లొంగదు. లొంగినట్టు వస్తే మందు పేరు కొట్టేయకండి, క్రిమి పేరు మళ్లీ చూడండి. సాల్మొనెల్లాకి జెంటామైసిన్ డిస్క్ చుట్టూ పెద్ద ఖాళీ వచ్చినా రిపోర్టులో రాయొద్దు, ఎందుకంటే కణాల లోపల దాక్కున్న టైఫి మీద ఆ మందు ఒంట్లో పనిచేయదు. సిప్రోఫ్లాక్సాసిన్ సంగతి తేల్చడానికి పెఫ్లాక్సాసిన్ 5 మైక్రోగ్రాముల డిస్క్ మేలు.

వెన్ను నీటిలో, రక్తంలో ఏది కనిపించినా ముందు ఫోన్, తర్వాతే కాగితం. ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడారో రిజిస్టర్‌లో రాయండి. చర్మం క్రిమి అనిపిస్తే "కలుషితం అయి ఉండొచ్చు, రెండో శాంపిల్ పంపండి" అని తెలుగులోనో ఇంగ్లీషులోనో అర్థమయ్యేలా రాయండి, ఉత్త పేరు రాసి వదిలేస్తే డాక్టర్ దానికీ మందు రాస్తారు. గొర్ల కాపరి విషయంలో డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడు ఇంట్లో మిగతావాళ్ల సంగతి కూడా కనుక్కోమన్నాను. మర్నాడు అతని కొడుకు వచ్చాడు, రెండు వారాలుగా సాయంత్రం జ్వరమట. "నువ్వు కూడ గొర్లను ఈనిపిచ్చినవా?" అంటే తలూపాడు. అతనికి ఈసారి వైడాల్ చేయలేదు, ఎర్ర పెన్ను తీసి బాటిల్ మీద రాశాం.

రిపోర్టు ఇచ్చాక ప్లేటుని, పెరిగిన కల్చర్‌ని వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. "మీరు రాసిన మందు పనిచేయట్లేదు" అని డాక్టర్ నుంచి ఫోన్ రావడానికి మామూలుగా మూడు నాలుగు రోజులు పడుతుంది.